హార్డ్‌వేర్ లాక్ దోషాలు: కారణాలు, పరిష్కార క్రమం

హార్డ్‌వేర్ లాక్ అంటే కొనుక్కున్న సాఫ్ట్‌వేర్ లైసెన్సును తనలో దాచుకున్న చిన్న పరికరం. వాడుకలో దీన్ని డాంగిల్ అనీ, కీ అనీ, ఒట్టి లాక్ అనీ పిలుస్తారు. ఇది యు.ఎస్.బి. పోర్టులో ఉంటేనే సంబంధిత ప్రోగ్రామ్ తెరుచుకుంటుంది. తీసేస్తే వెంటనే గానీ, కొద్దిసేపట్లో గానీ ఆగిపోతుంది. తెలుగు డీటీపీలో వాడే సి-డాక్ వారి ఐ.ఎస్.ఎం., పుణెలోని మాడ్యులర్ ఇన్ఫోటెక్ వారి శ్రీలిపి, కంప్యూటర్ ఎంబ్రాయిడరీలో పేరున్న విల్‌కామ్, ఆడియో స్టూడియోల్లోని ప్రో టూల్స్ వంటివి ఇలాంటి లాకులతో అమ్ముడైన సాఫ్ట్‌వేర్లే.

ఈ లాకులు వాడేవారికి అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే సందేశం "కీ దొరకలేదు" అన్నది. అది చూడగానే లాక్ చెడిపోయిందని నిర్ణయానికి రావడం సహజం. కానీ ఆ సందేశం చెప్పేది ఒక్కటే: ప్రోగ్రామ్ అడిగిన ప్రశ్నకు సరైన జవాబు తిరిగి రాలేదని. జవాబు రావలసిన దారిలో అయిదు మెట్లున్నాయి. ఏ మెట్టు దగ్గర ఆగినా తెర మీద కనిపించే మాట దాదాపు ఒకటే. అందుకే ఈ దోషాల పరిష్కారమంతా ఏ మెట్టు తప్పిందో క్రమంగా తేల్చడంలోనే ఉంది.

చరిత్ర

ఇలాంటి లాకుల్లో తొలితరానికి చెందినది బ్రిటన్‌లో 1980 ప్రాంతంలో కమోడోర్ పెట్ కంప్యూటర్ కోసం వచ్చిన వర్డ్‌క్రాఫ్ట్ అనే వర్డ్ ప్రాసెసర్‌తో వచ్చింది. ఆ కంప్యూటర్ క్యాసెట్ పోర్టుకు తగిలించే చిన్న సర్క్యూట్ అది. తర్వాత దీన్నే వ్యాపారంగా చేపట్టిన కంపెనీలు వచ్చాయి. 1982లో అమెరికాలో రెయిన్‌బో టెక్నాలజీస్, 1985లో ఇజ్రాయెల్‌లో అలాదిన్ నాలెడ్జ్ సిస్టమ్స్, 1989లో జర్మనీలోని కార్ల్స్‌రూహ్‌లో విబు సిస్టమ్స్ మొదలయ్యాయి. రెయిన్‌బో వారి సెంటినెల్, అలాదిన్ వారి హాస్ప్, విబు వారు 2003లో తెచ్చిన కోడ్‌మీటర్ ఈ రంగంలో స్థిరపడిన పేర్లు.

తొలి దశ లాకులు 25 పిన్నుల ప్యారలల్ పోర్టుకు తగిలించేవి. లాక్ వెనక ప్రింటర్ కేబుల్ పెట్టుకునేవారు. రెండు మూడు సాఫ్ట్‌వేర్లు కొన్నవారికి లాకులు ఒకదాని వెనక ఒకటి బారుగా ఉండేవి. పోర్టు తీగల్లోంచే లాక్ కరెంటు తీసుకునేది కాబట్టి ప్రింటర్ ఆఫ్ చేసినప్పుడు ఒక్కోసారి లాక్ కూడా కనిపించకుండా పోయేది. యు.ఎస్.బి. రాకతో ఆ ఇబ్బంది తీరింది, డ్రైవర్ల ఇబ్బంది మిగిలింది.

కంపెనీల చేతులు మారడం నేటి వినియోగదారుడికి నేరుగా తగిలే విషయం. రెయిన్‌బో 2004లో సేఫ్‌నెట్‌లో కలిసింది. అలాదిన్ కూడా 2010 నాటికి అందులోకే చేరింది. సేఫ్‌నెట్ తర్వాత జెమాల్టో చేతికి, 2019లో జెమాల్టోతో పాటు ఫ్రాన్సుకు చెందిన థేల్స్ చేతికి వెళ్లింది. కాబట్టి అలాదిన్ అని ముద్రించి ఉన్న లాక్‌కు డ్రైవర్ వెతికేవారు ఇవాళ థేల్స్ పేరు మీద ఉన్న సెంటినెల్ డ్రైవర్‌ను చూడాలి. లాక్ మీది పేరుకూ డ్రైవర్ పేరుకూ పొంతన లేకపోవడం నకిలీకి గుర్తు కాదు.

పనితీరు

లాక్ లోపల ఒక చిప్, కొంత మెమరీ, బయటికి చదవడానికి వీల్లేని ఒక రహస్య సంకేతం ఉంటాయి. ప్రోగ్రామ్ ఒక సంఖ్యను పంపుతుంది. లాక్ తన రహస్య సంకేతంతో దాన్ని మార్చి తిప్పి పంపుతుంది. ఆ జవాబు సరిపోతేనే పని ముందుకు సాగుతుంది. రహస్యం లాక్ దాటి బయటికి రాదు కాబట్టి ఫైళ్లను కాపీ చేసినంత మాత్రాన లైసెన్స్ కాపీ కాదు.

ఈ ప్రశ్నోత్తరాలు నడిచే అయిదు మెట్లు ఇవి:

1. పోర్టు, దాని కరెంటు, లాక్ శరీరం.
2. విండోస్‌లోని డ్రైవర్.
3. తెర వెనక నడిచే లైసెన్స్ మేనేజర్ అనే సర్వీస్.
4. లాక్‌లో రాసి ఉన్న లైసెన్స్: ఏ ఫీచర్లు, ఏ తేదీ వరకు, ఎంతమందికి.
5. ప్రోగ్రామ్, దాని వెర్షన్.

ప్రతి సాఫ్ట్‌వేర్ కంపెనీకి లాక్ తయారీదారు ఒక ప్రత్యేక వెండర్ కోడ్ ఇస్తాడు. అందువల్ల రూపంలో అచ్చం ఒకేలా ఉన్నా ఒక కంపెనీ లాక్ మరో కంపెనీ ప్రోగ్రామ్‌కు పనికిరాదు. నాలుగైదు లాకులున్న ఆఫీసుల్లో లాకులు తారుమారు కావడం కూడా "కీ దొరకలేదు" సందేశానికి ఒక కారణం.

పోర్టు, పరికరం

చాలా లాకుల మీద చిన్న దీపం ఉంటుంది. డ్రైవర్ లాక్‌ను గుర్తించాక అది వెలుగుతుంది. దీపం వెలగకపోతే ముందు చూడవలసింది పోర్టును. క్యాబినెట్ ముందు వైపు పోర్టులు లోపల పొడవాటి వైరుతో మదర్‌బోర్డుకు కలిసి ఉంటాయి. అవి వదులవడం మామూలే. కరెంటు విడిగా అందని హబ్బులు, ఎక్స్‌టెన్షన్ కేబుళ్లు కూడా ఇబ్బంది పెడతాయి. లాక్‌ను వెనక వైపు, మదర్‌బోర్డు మీదనే ఉన్న పోర్టులో పెట్టి చూడాలి. పాతకాలపు లాక్ నీలిరంగు యు.ఎస్.బి. 3 పోర్టులో మొండికేస్తే నల్లటి యు.ఎస్.బి. 2 పోర్టులో ప్రయత్నించాలి.

కాసేపు పనిచేసి మధ్యలో మాయమయ్యే లాక్ విషయంలో విండోస్ పవర్ పొదుపును అనుమానించాలి. డివైస్ మేనేజర్‌లో యు.ఎస్.బి. రూట్ హబ్ ప్రాపర్టీస్ తెరిచి, కరెంటు ఆదా కోసం పరికరాన్ని ఆఫ్ చేయవచ్చన్న టిక్కును తీసేయాలి. పవర్ ప్లాన్‌లో యు.ఎస్.బి. సెలెక్టివ్ సస్పెండ్‌ను ఆపాలి. ల్యాప్‌టాపుల్లో నిద్ర నుంచి లేచాక లాక్ కనబడకపోవడానికి తరచూ ఇదే మూలం.

డ్రైవర్ సక్రమంగా ఉన్న మరో కంప్యూటర్‌లో పెట్టినా దీపం వెలగక, డివైస్ మేనేజర్‌లో ఏ కదలికా లేకపోతే అప్పుడు లాక్ దెబ్బతిన్నదని భావించవచ్చు. పక్కకు వంగి అతుకు ఊడటం దీనికి సాధారణ కారణం. అలాంటి లాక్‌ను విప్పి టంకం వేయించకూడదు. లోపలి చిప్ పాడైతే లైసెన్స్ తిరిగి రాదు. పైగా విప్పిన లాక్‌ను మార్చి ఇవ్వడానికి అమ్మకందారు ఒప్పుకోకపోవచ్చు.

డ్రైవర్

డివైస్ మేనేజర్‌లో లాక్ పసుపు గుర్తుతో కనిపిస్తే లోపం రెండో మెట్టులో ఉంది. దాని పక్కన వచ్చే కోడ్ సంఖ్యే సగం సమాధానం చెబుతుంది. 28 వస్తే డ్రైవర్ లేదు. 10 వస్తే డ్రైవర్ ఉంది కానీ పరికరం మొదలు కాలేదు. 43 వస్తే పరికరమే లోపం తెలిపింది. 52 వస్తే డ్రైవర్ డిజిటల్ సంతకాన్ని విండోస్ అంగీకరించలేదు. 39 వస్తే డ్రైవర్ పాడైంది లేదా దాన్ని లోడ్ కానివ్వలేదు.

64 బిట్ల విండోస్ విస్టా నుంచి సంతకం లేని కెర్నెల్ డ్రైవర్లకు చోటు లేకుండా పోయింది. విండోస్ 10లో 2016 నుంచి ఆ నిబంధన మరింత బిగిసింది. విండోస్ 11లో మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ ఆన్‌లో ఉంటే పాత హాస్ప్, హార్డ్‌లాక్ డ్రైవర్లు అసలు లోడ్ కావు. సాఫ్ట్‌వేర్ సీడీలో వచ్చిన పాత డ్రైవర్‌నే మళ్లీ మళ్లీ ఎక్కించడం వల్ల ప్రయోజనం లేకపోవడానికి ఇదే కారణం. ఆ రక్షణను శాశ్వతంగా ఆపేయడం పరిష్కారం కాదు. పాత డ్రైవర్‌ను పూర్తిగా తొలగించి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి, తయారీదారు వెబ్‌సైటు నుంచి తాజా డ్రైవర్‌ను అడ్మినిస్ట్రేటర్ హోదాలో ఎక్కించాలి. ఎక్కించేటప్పుడు లాక్ పోర్టులో ఉండకూడదు. పని పూర్తయ్యాకే పెట్టాలి. ఇటీవలి సెంటినెల్ హెచ్‌ఎల్ లాకుల్లో విండోస్‌లో ముందే ఉన్న డ్రైవర్‌తోనే పనిచేసేలా అమర్చినవి ఉన్నాయి. వాటికి ఈ బెడద చాలావరకు లేదు.

తాజా డ్రైవర్ అవసరం భద్రత దృష్ట్యా కూడా ఉంది. 2018 జనవరిలో క్యాస్పర్‌స్కీ పరిశోధకులు సెంటినెల్ లైసెన్స్ మేనేజర్‌లో 14 లోపాలను బయటపెట్టారు. లాక్ కోసం ఎక్కించిన సాఫ్ట్‌వేర్ విండోస్ ఫైర్‌వాల్‌లో ఒక పోర్టును తెరిచి ఉంచడం వల్ల బయటివారు చొరబడే ప్రమాదం ఉందని తేలింది. కొత్త వెర్షన్లలో వాటిని సరిదిద్దారు.

లైసెన్స్ మేనేజర్ పేజీ

సెంటినెల్, హాస్ప్ లాకులు వాడేవారికి అన్నిటికన్నా ఉపయోగపడే పరికరం వారి కంప్యూటర్‌లోనే ఉంది. బ్రౌజర్ తెరిచి, చిరునామా గడిలో లోకల్‌హోస్ట్ అని, కోలన్ పెట్టి, 1947 అని కొడితే అడ్మిన్ కంట్రోల్ సెంటర్ అనే పేజీ వస్తుంది. 1947 అనేది ఆ సర్వీస్ వినే పోర్టు సంఖ్య. ఇంటర్నెట్ లేకున్నా ఆ పేజీ తెరుచుకుంటుంది. ఎడమ వైపు వరసలో సెంటినెల్ కీస్, ఫీచర్స్, సెషన్స్, యాక్సెస్ లాగ్, డయాగ్నస్టిక్స్ వంటి శీర్షికలుంటాయి. మెట్లలో ఏది తప్పిందో ఈ ఒక్క పేజీ చెప్పగలదు.

పేజీ అసలు తెరుచుకోకపోతే సర్వీస్ నడవడం లేదు. విండోస్ సర్వీసుల జాబితాలో సెంటినెల్ లైసెన్స్ మేనేజర్‌ను వెతికి, ఆగి ఉంటే మొదలుపెట్టాలి. మొదలుపెట్టినా వెంటనే ఆగిపోతుంటే యాంటీవైరస్ దాన్ని క్వారంటైన్‌లో పెట్టిందేమో చూడాలి.

పేజీ తెరుచుకుని, సెంటినెల్ కీస్ కింద లాక్ లేకపోతే లోపం పోర్టులోనో డ్రైవర్‌లోనో ఉంది. పై రెండు భాగాలకు తిరిగి వెళ్లాలి.

లాక్ జాబితాలో ఉంటే దాని పక్కన ఉన్న ఫీచర్స్ నొక్కాలి. కొన్న మాడ్యూల్‌కు చెందిన ఫీచర్ సంఖ్య అక్కడ లేకపోయినా, గడువు దాటినట్టు చూపినా లోపం లైసెన్స్‌లో ఉంది. డ్రైవర్‌తో కుస్తీ పట్టవలసిన పని లేదు.

అన్నీ సరిగా ఉండి, ప్రోగ్రామ్ మాత్రమే ఒప్పుకోకపోతే ఆ ప్రోగ్రామ్‌నే సరిచూడాలి. లాక్ పాత వెర్షన్‌కు కొన్నదై, కంప్యూటర్‌లో కొత్త వెర్షన్ ఉండటం ఇక్కడ తరచుగా కనిపించే కారణం.

కోడ్‌మీటర్ లాకులకూ ఇలాంటి ఏర్పాటే ఉంది. దానికి కోడ్‌మీటర్ కంట్రోల్ సెంటర్, వెబ్ అడ్మిన్ పేజీ ఉంటాయి. నెట్‌వర్క్‌లో అది వాడే పోర్టు 22350. సీఎం-డస్ట్ అనే ఉపకరణం లాక్, డ్రైవర్, సర్వీస్ వివరాలన్నిటినీ ఒక ఫైలుగా రాసి పెడుతుంది. ఆ ఫైలును అమ్మకందారుకు పంపితే చాలా ప్రశ్నలు ఆదా అవుతాయి.

దోష సంఖ్యలు

హాస్ప్, సెంటినెల్ కుటుంబంలో సందేశంతో పాటు ఒక సంఖ్య వస్తుంది. ఫోన్‌లో సాయం అడిగేటప్పుడు "లాక్ పట్టుకోవడం లేదు" అనేదానికన్నా ఆ సంఖ్య చెప్పడం ఎంతో మేలు. తరచూ వచ్చేవి ఇవి:

7: లాక్ కనిపించలేదు.
27: రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా నడుపుతున్నట్టు గుర్తించి నిరాకరించింది.
31: లాక్ ఉంది, అడిగిన ఫీచర్ లేదు.
33: కంప్యూటర్‌లోని లైసెన్స్ మేనేజర్‌తో మాట కలవలేదు.
38: అనుమతించిన సంఖ్య కన్నా ఎక్కువమంది వాడుతున్నారు.
41: గడువు ముగిసింది.
42: లైసెన్స్ మేనేజర్ వెర్షన్ చాలా పాతది.

వీటిలో 7, 33 పైకి ఒకేలా అనిపించినా చికిత్స వేరు. 7 వస్తే పోర్టు, డ్రైవర్ వైపు వెళ్లాలి. 33 వస్తే సర్వీస్, ఫైర్‌వాల్ వైపు వెళ్లాలి.

ఒక ఉదాహరణ

ఒక డీటీపీ సెంటర్‌లో రాత్రి విండోస్ అప్‌డేట్ అయింది. పొద్దున తెలుగు సాఫ్ట్‌వేర్ తెరిస్తే దోషం 33 వచ్చింది. లాక్ మీద దీపం వెలుగుతోంది. అంటే పోర్టుకూ లాక్‌కూ వంక పెట్టనక్కర్లేదు. 1947 పేజీ తెరుచుకోలేదు. సర్వీసుల జాబితాలో లైసెన్స్ మేనేజర్ ఆగి ఉంది, మొదలుపెడితే నిమిషంలో మళ్లీ ఆగింది. అప్‌డేట్‌తో అమల్లోకి వచ్చిన రక్షణకు పాత రన్‌టైమ్ (డ్రైవర్‌నూ లైసెన్స్ మేనేజర్‌నూ కలిపి ఎక్కించే ప్యాకేజీ) సరిపడకపోవడం ఇక్కడ బలమైన అనుమానం. లాక్ తీసి, పాతది తొలగించి, రీస్టార్ట్ చేసి, తాజా రన్‌టైమ్ ఎక్కించి, లాక్ పెట్టి 1947 పేజీ చూస్తే లాక్ జాబితాలో ఉంది. ప్రోగ్రామ్ తెరుచుకుంది. ఇక్కడ గమనించవలసింది ఒక్కో అడుగులో ఒక్క మార్పే చేయడం. ఇదే సందర్భంలో కంగారు పడి విండోస్‌నే ఫార్మాట్ చేయించి, ఫాంట్లూ పాత ఫైళ్లూ పోగొట్టుకునేవారున్నారు. దోష సంఖ్య చదివి ఉంటే ఆ నష్టం తప్పేది.

నెట్‌వర్క్ లాకులు

ఒకే లాక్‌ను ఆఫీసులోని చాలా కంప్యూటర్లు పంచుకునే రకం ఇది. హాస్ప్ కుటుంబంలో సాధారణంగా ఎర్ర రంగులో ఉంటుంది. లాక్ ఉన్న కంప్యూటర్‌లో పనిచేసి, పక్క కంప్యూటర్‌లో పనిచేయకపోతే ముందు ఫైర్‌వాల్‌లో 1947 పోర్టుకు టీసీపీ, యూడీపీ రెంటికీ అనుమతి ఉందో లేదో చూడాలి. లాక్ కోసం వెతికే బ్రాడ్‌కాస్ట్ సందేశం రౌటర్ దాటి వెళ్లదు. కాబట్టి వేరే సబ్‌నెట్‌లో ఉన్న కంప్యూటర్లలో అడ్మిన్ పేజీ కాన్ఫిగరేషన్‌లోకి వెళ్లి సర్వర్ ఐపీ చిరునామాను స్వయంగా రాయాలి. ఆ చిరునామా రోజూ మారకుండా స్థిరంగా ఉంచాలి. ప్రోగ్రామ్ హఠాత్తుగా మూతపడితే దాని సెషన్ కొంతసేపు అలాగే ఉండిపోయి 38వ దోషం వస్తుంది. సెషన్స్ పేజీలో దాన్ని విడదీయవచ్చు.

దూరం నుంచి వాడకం

2020 లాక్‌డౌన్‌లో ఇంటి నుంచి ఆఫీసు కంప్యూటర్‌కు రిమోట్ డెస్క్‌టాప్‌లో వెళ్లిన చాలామందికి 27వ దోషం పరిచయమైంది. అక్కడ లాక్ చెడిపోలేదు. ఒకరి కోసం కొన్న లైసెన్స్‌ను పదిమంది దూరం నుంచి పంచుకోకుండా పెట్టిన నిబంధన అది. ఎదుటి తెరను ఉన్నదున్నట్టు చూపించే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ వంటివి విడిగా టెర్మినల్ సెషన్ తెరవవు కాబట్టి వాటిలో ఈ దోషం సాధారణంగా రాదు. అయితే లైసెన్స్ ఒప్పందం అందుకు అనుమతిస్తున్నదీ లేనిదీ చూసుకోవాలి. పని శాశ్వతంగా దూరం నుంచే సాగేట్టయితే నెట్‌వర్క్ లాక్‌కు మారడం మేలు. వర్చువల్ మెషీన్‌లో వాడేవారు లాక్‌ను దానికి అప్పగించాలి. అలా అప్పగించినంతసేపు అసలు కంప్యూటర్‌కు ఆ లాక్ కనిపించదు.

తేదీ, గడువు, నవీకరణ

కాలపరిమితి ఉన్న లైసెన్సులకు కంప్యూటర్ గడియారం ముఖ్యం. మదర్‌బోర్డు మీది బ్యాటరీ అయిపోయి తేదీ ఏళ్లు వెనక్కి పోతే, గడువును మోసగించే ప్రయత్నంగా లాక్ భావించవచ్చు. బ్యాటరీ మార్చి తేదీ సరిచేయాలి. కొన్ని లాకుల్లో సొంత గడియారం, బ్యాటరీ ఉంటాయి. ఆ బ్యాటరీ నిండుకుంటే లాక్‌నే మార్చాలి.

లైసెన్స్ పొడిగించడానికి లాక్‌ను పోస్టులో పంపనక్కర్లేదు. హాస్ప్ పద్ధతిలో వినియోగదారుడు లాక్ స్థితిని సీటూవీ అనే ఫైలుగా తీసి పంపుతాడు. అమ్మకందారు వీటూసీ ఫైలు తిరిగి పంపుతాడు. దాన్ని లాక్‌లో ఎక్కిస్తే కొత్త గడువు అమలవుతుంది. ఆ సమయంలో లాక్ తీయకూడదు, కరెంటు పోకూడదు. యూపీఎస్ లేనిచోట ఈ పనికి పూనుకోవద్దు.

పోలిన పరికరాలు

టెండర్లకు, జీఎస్టీకి వాడే డిజిటల్ సంతకం టోకెన్‌నూ మన దగ్గర డాంగిల్ అనే అంటారు. రూపం ఒకటే, పని వేరు. అందులో ఉండేది సాఫ్ట్‌వేర్ లైసెన్స్ కాదు, మనిషి సంతకానికి ఆధారమైన రహస్య సంకేతం. దానికి పిన్ ఉంటుంది. తప్పు పిన్ పదేపదే కొడితే టోకెన్ మూసుకుపోతుంది. దాని దోషాలకు ఇక్కడి సంఖ్యలు వర్తించవు.

పోయినా, పగిలినా

చాలా కంపెనీలు పగిలిన లాక్‌ను తిరిగి తీసుకుని రుసుముతో మార్చి ఇస్తాయి. పోయిన లాక్‌ను మాత్రం పోయిన లైసెన్స్‌గానే లెక్కిస్తాయి. లక్షల రూపాయలు పెట్టి కొన్నది వేలెడంత పరికరంలో ఉందన్న ఎరుక అందుకే అవసరం. ప్రో టూల్స్‌కు వాడే ఐలాక్ వంటి వాటికి, లాక్ చెడినప్పుడు పని ఆగకుండా తాత్కాలిక లైసెన్సులు ఇచ్చే చందా పథకం ఉంది. రికార్డింగ్ గడువుల మీద నడిచే స్టూడియోలకు అది ఖర్చుకు తగిన రక్షణ.

చట్టం

లాక్ లేకుండా నడిపించే ఎమ్యులేటర్లు, క్రాకులు మార్కెట్‌లో దొరుకుతాయి. భారత కాపీరైట్ చట్టం 1957కు 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ ప్రకారం, హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో సాంకేతిక రక్షణను ఛేదిస్తే రెండేళ్ల వరకు జైలు, జరిమానా ఉన్నాయి. క్రాక్ ఫైళ్లతో పాటు వైరస్ వచ్చే ప్రమాదం దీనికి అదనం. ఎమ్యులేటర్ డ్రైవర్ మిగిలిపోయిన కంప్యూటర్‌లో అసలు లాక్ కూడా సరిగా పనిచేయకపోవచ్చు.

కొన్నవారి గోడు చట్టానికి పట్టిన సందర్భమూ ఉంది. అమెరికాలో 2003, 2006, 2010 సంవత్సరాల్లో ఇచ్చిన మినహాయింపుల ప్రకారం, లాక్ చెడిపోయి, దాన్ని మార్చే అవకాశమూ లేని పాత సాఫ్ట్‌వేర్ విషయంలో యజమాని ఆ అడ్డును దాటడానికి అప్పట్లో వీలుండేది.

నేటి ధోరణి

చాలా కంపెనీలు లాక్‌ను వదిలి ఆన్‌లైన్ లైసెన్సుకు మారుతున్నాయి. సంగీత సాఫ్ట్‌వేర్ క్యూబేస్ తయారీదారు స్టైన్‌బర్గ్ 2022లో వచ్చిన 12వ వెర్షన్‌తో ఈలైసెన్సర్ లాక్‌ను విడిచిపెట్టింది. ఇంటర్నెట్‌కు దూరంగా నడిచే ఫ్యాక్టరీ యంత్రాల్లో, వైద్య పరికరాల్లో మాత్రం లాకులు కొనసాగుతున్నాయి.

నివారణ

లాక్ కొన్న రోజే దాని మీది సంఖ్యను, బిల్లును ఫొటో తీసి భద్రపరచాలి. ఏ లాక్ ఏ సాఫ్ట్‌వేర్‌దో చీటీ అంటించాలి. చేయి, కాలు తగలని వెనక పోర్టులో ఉంచాలి. విండోస్ మార్చే ముందు కొత్త డ్రైవర్ ఉందో లేదో కనుక్కోవాలి. పనిచేస్తున్న రోజున 1947 పేజీని ఒకసారి ఫొటో తీసి పెట్టుకుంటే, చెడిన రోజున దేన్ని దేనితో పోల్చాలో తెలుస్తుంది.

తయారీదారుల బాధ్యత దీనికన్నా పెద్దది. అయిదు మెట్లలో ఏది తప్పిందో ప్రోగ్రామ్‌కు చాలావరకు తెలుసు. సంఖ్యతో సరిపెట్టకుండా ఆ మెట్టు పేరునూ, చేయవలసిన పనినీ తెర మీద, వాడేవారి భాషలో చూపించడం కష్టం కాదు. పాత లాకులకు కొత్త డ్రైవర్లు అందుబాటులో ఉంచడం అమ్మకంతోనే ఇచ్చిన హామీలో భాగం. డబ్బు పెట్టి కొన్నవారికి తాము కొన్నది వాడుకునే హక్కు ఉంది. దొంగతనాన్ని ఆపే ఏర్పాటు ఆ హక్కుకు అడ్డు రాకూడదు.